ఒక కుక్క, రెండు నిష్పత్తులు
(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నాకన్నా ముందు మాట్లాడినవాళ్లలో ఒకరు స్టీల్ ప్లాంటులో జనరల్ మేనేజరు, ఒకరు షిప్‌యార్డులో ఇంజనీరు, ఒకరు మన కొండ మీది ఐటీ కంపెనీలో పెద్ద ఉద్యోగి. నేను కుక్కల డాక్టర్ని. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, కొన్నాళ్లు పల్లెల్లో గేదెలకీ ఆవులకీ వైద్యం చేసి, చివరికి మళ్లీ మధురవాడకే వచ్చి చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. కమిటీవాళ్లు ఫోన్ చేసి, “పదిహేను నిమిషాలు మాట్లాడాలి, నీ వృత్తిలో నేర్చుకున్నది ఒకటి చెప్పు, బడితో సంబంధం ఉండాలి” అన్నారు. నాకు వెంటనే ఒకటే గుర్తొచ్చింది. అది నేను చేసిన తప్పు. దాన్ని దిద్దింది మన బడి లెక్కల మాస్టారే. ఆయన ఇవాళ ముందు వరసలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దని ఆజ్ఞ. చెప్పకపోయినా మీ అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన చేతి బెత్తం మనందరికీ తెలుసు.

ముందుగా ఒక పాత జ్ఞాపకం. మనం చదువుకునే రోజుల్లో మధురవాడ పంచాయతీ. జీవీఎంసీలో కలిసింది 2005లో కదా. బడి వెనక జీడిమామిడి తోటలు, ఎర్ర ఇసుక. మధ్యాహ్నం అన్నాల వేళకి వచ్చే నల్ల కుక్కని ‘కాలూ’ అని పిలిచేవాళ్లం. ఒకసారి ఎక్కడిదో వేరే కుక్క వచ్చి మా క్లాసు కుర్రాణ్ణి కరిచింది. వాడికి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచారు. రోజూ బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లి వచ్చేవాడు. చొక్కా పైకెత్తి మాకు పొట్ట చూపించేవాడు.

ఆ పద్నాలుగు ఇంజెక్షన్ల కథ నాకు కాలేజీలో తెలిసింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే సైనిక వైద్యుడు ఆ టీకా చేసే పద్ధతి కనిపెట్టాడు. రేబిస్ వైరస్ ఎక్కించిన గొర్రెల మెదడుని కార్బాలిక్ ఆమ్లంతో శుద్ధి చేసి తయారుచేసేవారు. లక్షల ప్రాణాలు నిలబెట్టిన టీకా అది. కానీ కొద్దిమందిలో ఒక అనర్థం జరిగేది. ఆ గొర్రె మెదడు పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకున్న మన రోగనిరోధక వ్యవస్థ, అలాంటి పదార్థమే ఉన్న మన సొంత మెదడు మీద, వెన్నుపాము మీద దాడి చేసేది. కాళ్లు పడిపోయేవి, కొందరు చనిపోయేవారు. అందుకే మనదేశంలో 2005 నాటికి దాన్ని ఆపేసి, కణాలను పెంచి తయారుచేసే టీకాలకి మారారు. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులతో సరిపోతోంది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, కాపలా కాయాల్సినవాడే ఇంటి మీద పడితే ఏమవుతుందో మీకు అర్థం కావాలని. కుక్కల్లో సరిగ్గా ఇలాంటి జబ్బు ఒకటి ఉంది. ఏ సూక్ష్మజీవీ కనబడదు, ఏ విషమూ దొరకదు, కానీ మెదడు, దాని పొరలు వాచిపోతాయి. తెల్ల కణాలు మెదడులోకి చేరి దాన్నే తినేస్తాయి. కారణం తెలియదు కాబట్టి పుస్తకాల్లో దానికి పెట్టిన పేరు కూడా ‘కారణం తెలియని మెదడువాపు’ అనే. ఎక్కువగా చిన్న జాతుల్లో, నడివయసు లోపు వస్తుంది. పగ్ జాతిలో ఇది ఎంతగా ఉందంటే, దానికి ‘పగ్ డాగ్ ఎన్‌కెఫలైటిస్’ అని వేరే పేరే పెట్టారు. ఆ జాతిలో కొన్నిటికి ఇది జన్యువుల్లోనే రాసిపెట్టి ఉంటుందని తేలింది. రోగనిరోధక శక్తిని నడిపే జన్యువుల దగ్గరే ఆ తేడా ఉంది. అమెరికాలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు దానికి పరీక్ష కూడా చేస్తారు. మన ఊళ్లో పగ్ అంటే తెలియనివాళ్లకి ‘హచ్ కుక్క’ అంటే తెలుస్తుంది. 2003లో ఆ టీవీ ప్రకటన వచ్చాక ఎండకి ఊపిరాడని ఆ జాతిని విశాఖపట్నం ఉక్కలోకి తెచ్చి వీధి వీధికీ పెంచాం.

ఇప్పుడు అసలు విషయం. 2022 వేసవిలో ఒక బుధవారం ఉదయం మాస్టారు ఆటో దిగారు. చేతుల్లో తువ్వాలు, తువ్వాల్లో బుజ్జి. నాలుగేళ్ల ఆడ పగ్. అమ్మగారు పోయిన తర్వాత ఆ ఇంట్లో ఆయనకి తోడు అదొక్కటే. సోమవారం రాత్రి ఫిట్స్ వచ్చాయట. మంగళవారం దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపించారు. అక్కడ రక్తం తీశారు, ఒక ఇంజెక్షన్ చేశారు. బుధవారానికి అది ఎడమ పక్కకే గుండ్రంగా తిరుగుతోంది, తల వాల్చేసింది, గోడకి తగులుతోంది.

ఇలాంటి కుక్క వస్తే నేను మొదట అడిగేది టీకాల సంగతి. రేబిస్ కాదని నమ్మకం కుదిరేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వను. రెండోది డిస్టెంపర్. అది మెదడుకి పాకితే దవడ, కాలు తాళం వేసినట్టు అదురుతూనే ఉంటాయి. మూడోది గోమార్లు. మన కోస్తాలో గోమార్లు పట్టని కుక్క అరుదు. అవి ఎర్లికియా అనే సూక్ష్మజీవిని ఎక్కిస్తాయి. అది రక్తంలో ప్లేట్‌లెట్లని పడగొడుతుంది, ఒక్కోసారి మెదడునీ తాకుతుంది. అందుకే పరీక్షల ఫలితాలు వచ్చేలోపే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టేస్తాం. ఆ మందు పేరు వచ్చినప్పుడల్లా నాకు మన భీమవరం గుర్తొస్తుంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకి సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలోనే, 1948లో డగ్గర్ అనే ఆయన చేతి మీదుగా ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు. మధురవాడలో గోమారి కుట్టిన కుక్క బతికిందంటే అందులో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది.

బుజ్జికి టీకాలన్నీ వేయించారు. ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఆ కారణం తెలియని వాపే అని అనుమానం. గట్టిగా తేల్చుకోవాలంటే ఎం.ఆర్.ఐ. తీయాలి, మెడ వెనక నుంచి మెదడు చుట్టూ ఉండే నీరు తీసి అందులో తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. మైక్రోలీటరుకి ఐదు దాటితే తేడా ఉన్నట్టు. రెండింటికీ పూర్తిగా మత్తివ్వాలి. మాస్టారు మత్తుకి ఒప్పుకోలేదు. “లేవకపోతే?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు నేను రక్తం తీసి పరీక్షకి ఇచ్చాను. సాయంత్రం రిపోర్టు వచ్చింది. మొత్తం తెల్ల కణాలు 18,600. అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం, లింఫోసైట్స్ 7 శాతం. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే పన్నెండున్నర.

ఈ భాగహారం ఏమిటో చెప్తాను. కోవిడ్ రోజుల్లో మీరందరూ రిపోర్టులు చేతబట్టుకుని తిరిగారు. సి.ఆర్.పి. ఎంత, డీ-డైమర్ ఎంత, ఎన్.ఎల్.ఆర్. ఎంత అని అడిగిన వాట్సాప్ గ్రూపు మనదే. ఆ ఎన్.ఎల్.ఆరే ఇది. న్యూట్రోఫిల్స్ మొదట దూకే సైన్యం, లింఫోసైట్స్ ఆలోచించి కొట్టే సైన్యం. ఒంట్లో వాపు, ఒత్తిడి పెరిగితే మొదటిది పెరిగి రెండోది తగ్గుతుంది. 2001లో స్లొవేకియాలో జహోరెక్ అనే వైద్యుడు, ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో ఈ నిష్పత్తితో అంచనా వేయవచ్చన్నాడు. ఖర్చు లేని పరీక్ష, ఏ ల్యాబులోనైనా అవుతుంది. అందుకని కేన్సర్ నుంచి కోవిడ్ దాకా అందరూ దీన్ని పట్టుకున్నారు. తర్వాత కుక్కల వైద్యులూ పట్టుకున్నారు. మెదడువాపు వచ్చిన కుక్కల్లో ఈ నిష్పత్తి ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో కన్నా ఎక్కువ ఉంటోందని రాశారు. లాక్‌డౌన్‌లో ఖాళీగా కూర్చుని అవన్నీ నేనూ చదివాను. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో మామూలుగా ఇది రెండు, మూడు, నాలుగు ఉంటుంది. బుజ్జికి పన్నెండున్నర.

నేను మాస్టారికి ఫోన్ చేశాను. “సార్, నిష్పత్తి చాలా ఎక్కువుంది. నాకు ఆశ కనిపించడం లేదు” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అంటే నిద్రపుచ్చేద్దామంటావా?” అన్నారు. నేను “దాన్ని బాధపెట్టడం కన్నా అదే నయమేమో, రాత్రి ఆలోచించండి సార్” అన్నాను. ఆ మాట అన్నది నేనే. ముప్పై ఏళ్ల అనుభవంతో, గొంతులో తడబాటు కూడా లేకుండా అన్నాను.

మర్నాడు క్లినిక్ తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన బుజ్జి, ఒళ్లో ఫైలు. రాత్రంతా నిద్రపోయినట్టు లేరు. ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి నేను తీయించిన బుధవారం రిపోర్టు. రెండోది మంగళవారం పొద్దున ఆ క్లినిక్‌లో తీసిన రిపోర్టు. నేను దాన్ని ప్లేట్‌లెట్ల కోసం ఒకసారి చూసి పక్కన పడేశాను. అందులో మొత్తం కణాలు 12,400. న్యూట్రోఫిల్స్ 71, లింఫోసైట్స్ 21. ఎర్ర పెన్నుతో కింద భాగహారం చేసి పెట్టారు. 3.4.

“ఒరే, కుక్క ఒకటే. తేడా ఒక రోజు. మూడున్నర, పన్నెండున్నర. ఇందులో నువ్వు చావు చూసింది దేన్లో?” అన్నారు.

అప్పుడు చూశాను. మంగళవారం కాగితం కింద ఇంజెక్షన్ పేరు రాసి ఉంది. డెక్సామెథసోన్. స్టెరాయిడ్. మెదడు వాచిన కుక్కకి అది ఇవ్వడం తప్పు కాదు, ప్రాణం కాపాడిందేమో కూడా. కానీ స్టెరాయిడ్ పడ్డ కొన్ని గంటల్లోనే, రక్తనాళాల గోడలకి అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ వదులై రక్తంలోకి వచ్చేస్తాయి. లింఫోసైట్స్ రక్తం వదిలి ఎముక మజ్జలోకి, శోషరస కణుపుల్లోకి వెళ్లిపోతాయి. నిష్పత్తి మూడింతలు నాలుగింతలు అవడానికి జబ్బు ముదరక్కర్లేదు, ఒక్క సూది చాలు. ఇది మేము రెండో సంవత్సరంలో చదివే పాఠం. సూది దాకా అక్కర్లేదు, ఫిట్స్ వచ్చినా, భయపడినా, ఒంట్లో పుట్టే స్టెరాయిడ్ కూడా కొంత అదే పని చేస్తుంది. నేను కొలిచింది బుజ్జి భవిష్యత్తు కాదు, ముందు రోజు ఇచ్చిన మందు.

నేను నోరు తెరిచేలోపే మాస్టారు అన్నారు: “నిష్పత్తి రాసే ముందు ప్రమాణాలు ఒకటో కాదో చూడమని ఎనిమిదో తరగతిలోనే చెప్పాను కదరా. కిలోలనీ గ్రాములనీ భాగిస్తే ఏమొస్తుంది? జవాబొస్తుంది. తప్పు జవాబు.”

నేను క్షమాపణ అడిగాను. ఆయన, “అది తర్వాత, ముందు వైద్యం చెయ్యి” అన్నారు.

వైద్యం మొదలుపెట్టాం. స్టెరాయిడ్ మాత్రలు, ఫిట్స్ మందు. రోగనిరోధక శక్తిని అణిచే ఇంకో మందు, సైక్లోస్పోరిన్. ఈ జబ్బులో మొదటి వారం గండం. చనిపోయేవాటిలో చాలా భాగం అప్పుడే పోతాయి. మొదటి మూడు నెలలు గట్టెక్కితే చాలా కుక్కలు ఏళ్ల తరబడి బతుకుతాయి. బుజ్జి నాలుగో రోజుకి తిరగడం మానింది. పదో రోజుకి గిన్నె దగ్గరికి తనే వెళ్లింది. తల మాత్రం కొంచెం ఎడమకే వాలి ఉండిపోయింది. మాస్టారు దాన్ని “సందేహంలో ఉన్న స్టూడెంటు” అనేవారు.

ఇంకా రెండేళ్ల నాలుగు నెలలు బతికింది. మధ్యలో మాత్రలు తగ్గిస్తున్నప్పుడు ఒకసారి జబ్బు తిరగబెట్టింది, మళ్లీ పెంచాం. 2024లో రెండోసారి తిరగబెట్టినప్పుడు మందులకి లొంగలేదు. ఆ రోజు నిద్రపుచ్చుదామన్నది మాస్టారే. ఆ నిర్ణయం సరైనదే. నా తొందరతో చేసి ఉంటే రెండేళ్ల నాలుగు నెలల ముందు జరిగి ఉండేది.

ఒక్క కేసు చూసి, రక్తపరీక్షలు పనికిరావని అనుకోకండి. ఆ తర్వాతి ఏడాదే ఒక షీ-జూ వచ్చింది. అదే రకం లక్షణాలు. మందు ఏదీ పడకముందే రక్తం తీశాను. నిష్పత్తి మూడు లోపు. అన్ని అంకెలూ బాగున్నాయి. ఐదో రోజు చనిపోయింది. అంకె ఎక్కువుందని ఒకసారి భయపెట్టాను, తక్కువుందని ఇంకోసారి ధైర్యం చెప్పాను. రెండుసార్లూ అంకె నన్ను మోసం చేయలేదు. దాన్ని అడగకూడని ప్రశ్న నేనే అడిగాను.

ఎందుకిలా? మెదడుకీ రక్తానికీ మధ్య ఒక కట్టడి ఉంది. ఏది పడితే అది అటూ ఇటూ పోదు. అందుకని మెదడులో ఇల్లు తగలబడుతున్నా రక్తంలో పొగ కనిపించకపోవచ్చు. సి.ఆర్.పి. సంగతి చూడండి. కాలేయం తయారుచేసే ప్రోటీన్ అది, 1930లో కనుక్కున్నారు. కుక్కల్లో మెదడు పొరలతో పాటు రక్తనాళాలు కూడా వాచే ఇంకో జబ్బు ఉంది. బీగిల్, బాక్సర్ లాంటి జాతుల కుర్ర కుక్కల్లో వస్తుంది, మెడ తిప్పలేవు, జ్వరం. అందులో సి.ఆర్.పి. బాగా పెరుగుతుంది, మందు పనిచేస్తే తగ్గుతుంది, తిరగబెడితే మళ్లీ పెరుగుతుంది. అక్కడ అది నమ్మకమైన కావలివాడు. బుజ్జికి వచ్చినట్టు వాపు మెదడుకే పరిమితమైనప్పుడు మాత్రం సి.ఆర్.పి. చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఒకే పరీక్ష ఒక జబ్బులో సాక్షి, ఇంకో జబ్బులో మూగ.

ఇక ఈ నిష్పత్తి బట్టి ఏ కుక్క బతుకుతుందో చెప్పగలమా అంటే, పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. వాటిలో చాలా వరకు పాత కేసు షీట్లు తిరగేసి చేసినవి, కుక్కలు కొద్ది, అందులో కొన్ని అప్పటికే స్టెరాయిడ్ తీసుకున్నవి. ఇప్పుడు నరాల కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి జారే ‘న్యూరోఫిలమెంట్’ అనే ప్రోటీన్‌ని కొలుస్తున్నారు. అది మెదడులోంచే వస్తుంది కాబట్టి దాని మాటకి విలువ ఎక్కువ ఉండొచ్చు. మన వీధి ల్యాబుకి అది వచ్చేదాకా నేను నమ్మేవి ఇవే: కుక్క స్పృహలో ఉందా, ఫిట్స్ ఆగాయా, మూడో రోజుకి తిండి ముట్టిందా, యజమాని మందులు తప్పకుండా వేయగలడా.

మీలో కుక్కలు పెంచేవాళ్లకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఫిట్స్ వస్తే నోట్లో చెయ్యి పెట్టకండి, పక్కనున్న వస్తువులు తీసేసి ఫోన్‌లో వీడియో తీయండి. నాకు అది పది రిపోర్టుల పెట్టు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఏ మందు ఏ రోజు ఏ గంటకి పడిందో కాగితం మీద రాయించుకోండి, మాస్టారి ఫైలులాగా. స్టెరాయిడ్ మాత్రలు బాగుందని మీ అంతట మీరు ఆపేయకండి. డిస్టెంపర్, రేబిస్ టీకాలు ఏటా మర్చిపోకండి. ఏ కుక్క కరిచినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి టీకాకి వెళ్లండి. ఇప్పుడు పొట్ట చూపించుకునే పని లేదు.

చివరిగా సంఘానికి ఒక మనవి. సెప్టెంబరు 28, లూయీ పాశ్చర్ కన్నుమూసిన రోజు, ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజు మన బడి చుట్టూ ఉన్న వీధి కుక్కలకి, మన పిల్లల ఇళ్లల్లో కుక్కలకి ఏటా ఉచితంగా టీకాలు వేద్దాం. సూది నాది. కుక్కల్ని పట్టుకునే ధైర్యం మీది. రిజిస్టరు రాయడానికి మాస్టారు ఇప్పటికే ఒప్పుకున్నారు. తేదీలు, అంకెలు తప్పు రాస్తే మనకేం జరుగుతుందో మీకు తెలుసు.

మాస్టారూ, ఆ రోజు మెట్ల మీద మీరు క్షమాపణ తర్వాత అన్నారు. మూడేళ్లయింది. ఇప్పుడు ఇంతమంది ముందు అడుగుతున్నాను. క్షమించండి. నిష్పత్తుల పాఠం ఈసారి సరిగ్గా నేర్చుకున్నాను.